పెండ్యులం ఊగకముందే ఆన్సరు: డిగ్రీ బోర్డ్ ఆఫ్ స్టడీస్ సభ్యులకు బహిరంగ లేఖ

బోర్డ్ ఆఫ్ స్టడీస్ సభ్యులకు, ప్రశ్నపత్రాలు కూర్చే అధ్యాపక మిత్రులకు నమస్కారాలు.

నేను పల్నాడు జిల్లాలో ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఇంకో మూడేళ్ల సర్వీసు ఉంది. మీలో కొందరు నాకు తెలిసినవాళ్లే. స్పాట్ వాల్యుయేషన్‌లో ఒకే బల్ల దగ్గర కూర్చుని పేపర్లు దిద్దాం, మధ్యలో టీ తాగుతూ ఈ చదువులు ఎటు పోతున్నాయని తిట్టుకున్నాం. అందుకే ఈ ఉత్తరం మంత్రిగారికో కమిషనర్‌గారికో కాకుండా మీకు రాస్తున్నాను. మా తరగతి గదిలో రేపు పొద్దున ఏం జరగాలో నిజంగా తేల్చేది మీరు ఖరారు చేసే ప్రశ్నపత్రం నమూనా. సర్క్యులర్లు ఎన్నయినా వస్తాయి, పోతాయి. ప్రశ్నపత్రం మాత్రం ఏడాదికి రెండుసార్లు తప్పకుండా వస్తుంది. పిల్లలకు ఆ సంగతి మనకంటే బాగా తెలుసు.

విద్యార్థి కేంద్రిత బోధన అన్న మాట నేను మొదట విన్నది ఒక రిఫ్రెషర్ కోర్సులో. దాని మీద మూడు గంటలు ఏకబిగిన ఉపన్యాసం ఇచ్చారు. మేం నోట్సు రాసుకున్నాం. (ఇందులో ఉన్న తమాషా ఆ రోజు మాలో ఎవరికీ తట్టలేదు.) తర్వాత కాలేజీలకు గ్రేడ్లు ఇచ్చే నాక్ వచ్చింది. నాక్ వాళ్ల ప్రశ్నల్లో 2.3.1 అని ఒకటుంది. అనుభవంతో నేర్చుకోవడం, పాల్గొని నేర్చుకోవడం, సమస్యలు విప్పుతూ నేర్చుకోవడం లాంటి విద్యార్థి కేంద్రిత పద్ధతులు మీ కాలేజీలో ఎలా వాడుతున్నారో చెప్పమంటుంది. అడగడం తప్పేమీ కాదు. అడిగాక మా దగ్గర ఏం జరిగిందో చెబుతాను.

ఒక రోజు మధ్యాహ్నం మా కోఆర్డినేటర్ ఫోన్ పట్టుకుని క్లాసుకి వచ్చాడు. అక్షాంశ రేఖాంశాలు పడే కెమెరా యాప్ అందులో ఉంది. బెంచీలు గుండ్రంగా వేయించాం. పిల్లల్ని ఐదుగురేసి కూర్చోబెట్టాం. చేతిలో ఏదో ఒక పుస్తకం పెట్టుకుని మాట్లాడుకుంటున్నట్టు ఉండమన్నాం. నాలుగు ఫొటోలు, నాలుగు కోణాలు. పని అయిపోయింది. మా అటెండరు తలుపు దగ్గర నిలబడి, "సార్, బెంచీలు మామూలుగా వేసెయ్యమంటారా?" అని అడిగాడు. వేసెయ్యమన్నాను. ఆ తర్వాత పాఠం ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి నోట్సు డిక్టేట్ చేశాను. ఆ ఫొటో ఇప్పటికీ ఫైల్లో ఉంది, తేదీ సమయంతో సహా.

నేను ఎవరినో వేలెత్తి చూపడానికి ఇది రాయడం లేదు. ఇరవై రెండేళ్లుగా డిక్టేట్ చేసినవాణ్ణి నేను. నా నోట్సుకి మంచి పేరుండేది. పక్క కాలేజీ పిల్లలు కూడా జిరాక్స్ తీయించుకునేవాళ్లు. అది నాకు గర్వంగా కూడా ఉండేది.

నా గర్వం మీద మొదటి దెబ్బ కొట్టింది ప్రాక్టికల్ రికార్డులు. కాంపౌండ్ పెండ్యులం ప్రయోగం మీకు తెలిసిందే. కడ్డీని రంధ్రం రంధ్రం దగ్గర వేలాడదీసి, డోలనాలు లెక్కపెట్టి, గ్రాఫు గీసి, చివరికి గురుత్వ త్వరణం, అంటే జీ విలువ కట్టాలి. ఒక ఏడాది నాకు విసుగు పుట్టి రికార్డుల్లో ఆఖరి జవాబులు వరసగా చూస్తూ పోయాను. 979.6, 979.6, 979.6. క్లాసంతా అదే. పాత రికార్డులు బీరువాలోంచి తీసి చూస్తే, అంతకుముందు ఏడాదీ 979.6. ఆ ముందు ఏడాదీ అదే. ఎవరో ఒక మహానుభావుడు ఎప్పుడో ఒకసారి నిజంగా ప్రయోగం చేసి ఉంటాడు. మిగతావాళ్లంతా ఆయన వారసులు. పెండ్యులం ఊగకముందే ఆన్సరు సిద్ధంగా ఉంది. రీడింగులు దానికి తగ్గట్టు వెనక నుంచి అల్లుకుంటూ వచ్చారు. తమాషా ఏంటంటే, అలా వెనక నుంచి అల్లడానికి కూడా కొంత ఫిజిక్స్ తెలియాలి. ఆ కష్టమేదో ప్రయోగం మీదే పెడితే అయిపోయేదిగా అని ఒకడిని అడిగాను. "చేస్తే 940 వచ్చింది సార్. 940 రాస్తే ఎక్స్‌టర్నల్ మార్కులు కోస్తారు" అన్నాడు. వాడన్నది నిజం. వేరే కాలేజీకి ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌గా వెళ్లినప్పుడు నేనూ కోసేవాణ్ణి.

రెండేళ్ల కిందట సెకండియర్‌కి కరెంటు పాఠం మొదలుపెట్టే రోజున వేరే పని చేద్దామనుకున్నాను. చెక్కపలక మీద రెండు హోల్డర్లు సిరీస్‌లో బిగించాను. ఒకదాంట్లో 40 వాట్ల బల్బు, ఇంకోదాంట్లో 100 వాట్లది. ఎల్ఈడీలు వచ్చాక పాత ఫిలమెంటు బల్బులు దొరకడమే గగనమైంది. మెయిన్ బజార్లో ఒక ముసలాయన అటక మీంచి దించి, దుమ్ము తుడిచి ఇస్తూ, "ఏంటి మాస్టారూ, కోళ్లఫారం పెడుతున్నారా?" అని అడిగాడు.

పలక బల్ల మీద పెట్టి, స్విచ్ వేయకుండా అడిగాను. "ఏది ఎక్కువ వెలుగుతుంది? 40 అనుకుంటే ఒక వేలు, 100 అనుకుంటే రెండు, సమానం అనుకుంటే మూడు. కళ్లు మూసుకుని చెయ్యి గుండెకి ఆనించి చూపించండి." కళ్లు ఎందుకు మూసుకోమన్నానంటే, లేకపోతే అందరూ ఫస్ట్ బెంచీ అమ్మాయి చెయ్యి చూస్తారు. 38 మంది ఉన్నారు ఆ రోజు. 33 మంది 100 అన్నారు. ముగ్గురు సమానం అన్నారు. ఇద్దరే 40 అన్నారు. ఆ ఇద్దరిలో ఒకడు వెనక నుంచి రెండో బెంచీలో కూర్చునే కుర్రాడు. ఏడాదిన్నరలో వాడి గొంతు నేను విన్నది "ప్రెజెంట్ సార్" అన్నప్పుడు మాత్రమే.

పక్కవాడి జవాబు మీ జవాబు ఒకటి కాకపోతే వాడిని ఒప్పించండి, తెలుగులోనే మాట్లాడుకోండి, మూడు నిమిషాలు టైము అన్నాను. గది గోలగోల అయిపోయింది. పక్క గదిలోంచి కామర్స్ మేడమ్ వచ్చి, నేను లేననుకుని లోపలికి తొంగిచూసి వెళ్లారు. ఫస్ట్ బెంచీ అమ్మాయి, ఆ కుర్రాడు వాదించుకుంటున్న చోటికి వెళ్లి నిలబడ్డాను.

"వాట్లు ఎక్కువంటే వెలుగు ఎక్కువే కదా. ఇంట్లో చూళ్లేదా?" అంటోంది ఆ అమ్మాయి.

"ఇంట్లో విడివిడిగా ఉంటయ్. ఇక్కడ ఒకదాని వెనక ఒకటి పెట్టారు. కరెంటు రెంటికీ ఒకటే పోద్ది. నలభైలో తీగ సన్నం. సన్న తీగ ఎక్కువ కాలుద్ది."

"సన్నమని నీకెట్లా తెలుసు?"

"పగలగొట్టి చూశా."

స్విచ్ వేశాను. 40 వాట్ల బల్బు బాగానే వెలిగింది. 100 వాట్ల దాంట్లో తీగ ఎర్రగా కనబడింది, అంతే. ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. ఆ తర్వాత ఆ అమ్మాయి నేను పిలవకుండానే బోర్డు దగ్గరకి వచ్చింది. 230ని వర్గం చేసి 40తో భాగిస్తే 1,322 ఓములు, 100తో భాగిస్తే 529 ఓములు. రెండూ కూడి కరెంటు కట్టింది. 40 దాంట్లో సుమారు 20 వాట్లు, 100 దాంట్లో 8 వాట్లు. తను వేసిన లెక్క వైపు, బల్బు వైపు మార్చి మార్చి చూసింది. "వేడెక్కని తీగకి రెసిస్టెన్స్ ఇంకా తక్కువుంటది గదా, మరి ఎనిమిది కూడా రావేమో" అని వెనక నుంచి ఎవరో అన్నారు. ఆ మాట నా ఇరవై రెండేళ్ల నోట్సులో లేదు.

ఆ కుర్రాడి నాన్నకి బస్టాండు రోడ్డులో మోటారు వైండింగ్ షాపుంది. పన్నెండో ఏట నుంచి వాడు కాయిల్స్ చుడుతున్నాడు. స్టార్టర్లు విప్పుతాడు, కెపాసిటర్ పోయిందో వైండింగ్ కాలిందో వాసన చూసి చెబుతాడు. నా క్లాసులో కరెంటు గురించి అందరికంటే ఎక్కువ తెలిసినవాడు వాడు. నాకు ఆ సంగతి తెలియడానికి ఏడాదిన్నర పట్టింది. నేను ఎప్పుడూ అడగలేదు కాబట్టి.

ఆ సెమిస్టర్ వాడు నా పేపరే తప్పాడు.

ఆ పేపరు మీకు గుర్తుండకపోవచ్చు, నాకు గుర్తుంది. "బయో-సవర్ట్ నియమాన్ని తెలిపి, వృత్తాకార తీగచుట్ట అక్షంపై అయస్కాంత క్షేత్ర తీవ్రతకు సమీకరణాన్ని రాబట్టుము." లేదా గాస్ నియమం నుంచి ఇంకోటి రాబట్టుము. అన్నీ రాబట్టుములే. పేపరు మొత్తంలో బల్బు లేదు, తీగ లేదు, కాలిన వాసన లేదు. ఒక అంకె ఇచ్చి ఇది ఎంతుంటుందో చూడు అన్న ప్రశ్న మచ్చుకైనా లేదు. ఉన్న ఒకటీ అరా లెక్కలు చాయిస్‌లో వదిలేయొచ్చు.

ఆ నమూనాలో ఉన్న చిక్కు మీకు కొత్త కాదు. థియరీకి 75 మార్కులు. చిన్న ప్రశ్నలు ఎనిమిదిలో ఐదు రాయాలి, అవి 25. యూనిట్‌కొక వ్యాసరూప ప్రశ్న చొప్పున ఐదు, ప్రతిదానికీ ఇది లేదా అది, అవి 50. ఐదారేళ్ల పాత పేపర్లు ముందేసుకుంటే ఒక్కో యూనిట్‌లో నాలుగైదు డెరివేషన్లే తిరిగి తిరిగి వస్తాయి. మొత్తం మీద పాతికలోపు. గైడ్లవాళ్లు వాటికి మూడు స్టార్లు, రెండు స్టార్లు పెట్టి అమ్ముతారు. పరీక్షకి వారం ముందు మూడు స్టార్లవి బట్టీ పడితే ఫస్ట్ క్లాసు ఖాయం. ఇలాంటి పరీక్ష ఉన్నప్పుడు తెలివైన విద్యార్థి ఏం చేస్తాడు? క్లాసులో చర్చకి కూర్చోడు. నోట్సు అడుగుతాడు. అధ్యాపకుడు ఏం చేస్తాడు? నోట్సు ఇస్తాడు. ఇద్దరూ తెలివైనవాళ్లే.

మా కుర్రాడు సప్లిమెంటరీలో రెండో ప్రయత్నానికి పాసయ్యాడు. మూడు స్టార్లవి బట్టీ పట్టి.

ఇంకో సంగతి చెప్పకపోతే నేను అబద్ధం చెప్పినట్టవుతుంది. బల్బుల రోజు తర్వాత నేను ఉత్సాహపడి నెల రోజులు అలాగే నడిపాను. పాఠం ముందు రోజు చదువుకు రమ్మనేవాణ్ణి, క్లాసులో ప్రశ్నలు, చర్చ. నెల తిరక్కముందే ప్రిన్సిపాల్‌గారు పిలిచారు. "ఏమండీ, పాఠాలు చెప్పట్లేదట?" ఆరుగురు సంతకాలు పెట్టి కాగితం ఇచ్చారు. సార్ మమ్మల్నే మాట్లాడిస్తున్నారు, నోట్సు ఇవ్వడం లేదు, సిలబస్ పూర్తికాదని టెన్షన్‌గా ఉంది అని. సంతకాలు పెట్టినవాళ్లంతా బాగా చదివేవాళ్లే. ఆ రోజు నాకు మనసు చివుక్కుమంది. ఆ తర్వాత కొన్నాళ్లకి, హార్వర్డ్ ఫిజిక్స్ క్లాసుల్లో చేసి 2019లో అచ్చువేసిన ఒక పరిశోధన గురించి చదివాను. చక్కటి ఉపన్యాసం విన్న పిల్లలు తాము ఎక్కువ నేర్చుకున్నామనుకున్నారు. తామే కుస్తీ పట్టిన పిల్లలు తక్కువ నేర్చుకున్నామనుకున్నారు. పరీక్ష పెడితే ఫలితం తిరగబడింది, కుస్తీ పట్టినవాళ్లకే ఎక్కువ వచ్చింది. మా పిల్లలు అబద్ధమేమీ చెప్పలేదు, వాళ్లకి అలాగే అనిపించింది. కష్టపడుతుంటే రావట్లేదని అనిపించడం సహజం. హార్వర్డ్ పిల్లలకే అలా అనిపిస్తే, రేపు సెమిస్టర్ పాసవకపోతే ఫీజు రీయింబర్స్‌మెంట్ ఏమవుతుందోనని భయపడే పిల్లలకి అనిపించదా?

ఈ విషయంలో లెక్కలు కూడా ఉన్నాయి. సైన్సు, ఇంజనీరింగు, గణితం తరగతుల మీద జరిగిన 225 అధ్యయనాలను కలిపి 2014లో ఒక విశ్లేషణ వచ్చింది. వట్టి ఉపన్యాసం నడిచిన తరగతుల్లో సగటున 33.8 శాతం మంది తప్పారు. పిల్లలు చేతులూ నోళ్లూ ఆడించిన తరగతుల్లో తప్పినవాళ్లు 21.8 శాతం. ఇది చదివినప్పుడు నేను మా కాలేజీ ఫలితాల వైపు చూడకుండా ఉండలేకపోయాను.

ఇక్కడ కొంచెం దారి తప్పి మా అమ్మాయి సంగతి చెప్పాలి. పెళ్లయ్యాక కాలిఫోర్నియా వెళ్లింది. డిపెండెంట్ వీసా, ఉద్యోగం చేయడానికి లేదు. ఇంట్లో ఊరికే కూర్చోలేక దగ్గర్లో ఉన్న కమ్యూనిటీ కాలేజీలో అకౌంటింగ్‌లో చేరింది. నేను వేసవిలో వెళ్లినప్పుడు ఆ కాలేజీ చూపించింది. రెండేళ్ల కోర్సులు, ఇంటికి దగ్గర, ఫీజు తక్కువ, చేరతానన్నవాళ్లందరికీ సీటు. తన క్లాసులో ఒక ట్రక్కు డ్రైవరు, ఇద్దరు పిల్లల తల్లి, హైస్కూల్ అవగానే వచ్చిన కుర్రాళ్లు ఉన్నారు. ఇలాంటి కాలేజీల్లో మొదటిది 1901లో ఇల్లినాయ్‌లోని జోలియెట్‌లో మొదలైందంటారు. చూస్తుంటే మన డిగ్రీ కాలేజీలకి దూరపు చుట్టంలా అనిపించింది. ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవాళ్లు అక్కడా ఎక్కువే. సగానికి పైగా అధ్యాపకులు అక్కడా పార్ట్‌టైమే, మన గెస్టు ఫ్యాకల్టీ లాగా. చేరినవాళ్లలో ఎక్కువమంది సకాలంలో పూర్తి చేయకపోవడం అక్కడా ఉంది. అదేదో స్వర్గమని చెప్పడానికి ఈ సంగతి ఎత్తలేదు.

ఎత్తింది ఎందుకంటే, మనం ఇవాళ మాట్లాడుకుంటున్న మాట అలాంటి కాలేజీలోంచే గట్టిగా వినబడింది. దక్షిణ కాలిఫోర్నియాలో పాలొమార్ కాలేజీ అని ఒక కమ్యూనిటీ కాలేజీ ఉంది. అక్కడ పనిచేసే రాబర్ట్ బార్, జాన్ ట్యాగ్ 1995లో ఒక వ్యాసం రాశారు. కాలేజీ ఉన్నది పాఠం చెప్పడానికి కాదు, పిల్లలు నేర్చుకునేలా చూడటానికి అన్నది వాళ్ల వాదన సారం. వినడానికి చాలా మామూలు మాట. కానీ ఆ లెక్కన సిలబస్ పూర్తయింది అన్న మాటకి అర్థమే లేకుండా పోతుంది. ఎవరికి పూర్తయింది? నాకా, వాళ్లకా?

ఆ రాష్ట్రం వాళ్లు మాటతో ఊరుకోలేదు. మన పని దగ్గరకి వచ్చే ఉదాహరణ ఒకటుంది. కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల్లో చేరినవాళ్లకి ముందు స్థాయి చూసే ఒక పరీక్ష పెట్టి, లెక్కలు రావని తేలినవాళ్లని బ్రిడ్జి కోర్సులాంటి మెట్ల మీద కూర్చోబెట్టేవాళ్లు. ఒక మెట్టు తర్వాత ఇంకో మెట్టు. చాలామంది ఆ మెట్ల మీదే అలిసిపోయి ఇంటికి వెళ్లిపోయేవాళ్లు. 2017లో ఒక చట్టం చేశారు, 2019 నాటికి కాలేజీలన్నీ పాటించాలన్నారు. ఏడాదిలోపు అసలు కోర్సు పూర్తి చేసే అవకాశం విద్యార్థికి ఎక్కువగా ఉండేలా చేర్చుకోవాలి, ఆ స్థాయి పరీక్ష సాకుతో వెనక్కి తోయకూడదు. చట్టంలో బోధన పద్ధతి గురించిన ఉపదేశం కాదు, చేర్చుకునే నియమం ఉంది. నియమం మారేసరికి, లెక్కల మాస్టార్లకి రకరకాల పిల్లలు ఒకే గదిలోకి వచ్చారు. పాత పద్ధతిలో బోర్డు వైపు తిరిగి చెప్పుకుపోతే కుదరని పరిస్థితి. ఇష్టమున్నవాళ్లూ లేనివాళ్లూ కూడా పద్ధతి మార్చుకోవాల్సి వచ్చింది. దాని మీద అక్కడ ఇప్పటికీ గొడవలున్నాయి. నేను దాంట్లోంచి తీసుకున్నది ఒక్కటే: తరగతి మారాలంటే తరగతిని కదిలించే నియమం మారాలి. మన దగ్గర ఆ నియమం పేరు ప్రశ్నపత్రం.

మన దగ్గర మంచి ఆలోచనలు రాలేదని కాదు. మొదటి ఏడాది అయ్యాక కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు పెట్టారు. పిల్లవాడు తన ఊళ్లో ఒక సమస్య ఎంచుకుని, ఇంటింటికీ తిరిగి, రిపోర్టు రాయాలి. ఎంత మంచి ఆలోచన! అది పెట్టిన మొదటి ఏడాది ఒక అమ్మాయి తన తండాలో బోర్ల లోతు ఏడేళ్లలో ఎంత పెరిగిందో రైతుల్ని అడిగి పట్టిక వేసుకొచ్చింది. రెండో ఏడాదికి మా ఊరి జిరాక్స్ షాపులో రిపోర్టులు తయారుగా దొరికాయి, ఊరి పేరు ఒకటి మార్చుకుంటే చాలు. ఒక్క లెక్చరర్‌కి అరవై ప్రాజెక్టులు అప్పగిస్తే ఇంకేమవుతుంది? గెస్టు ఫ్యాకల్టీకి పీరియడ్‌కింత అని లెక్కగట్టి ఇస్తారు. ప్రాజెక్టు కాగితాలు చదివే గంటకి అతనికి పైసా రాదు. ఇంటికి తీసుకెళ్లి చదవమని ఏ మొహంతో అడుగుతాం?

భాష సంగతి కూడా మీ దృష్టికి తేవాలి. 2021-22 నుంచి మన డిగ్రీ అంతా ఇంగ్లిష్ మీడియం అయింది. అది మంచో చెడో ఇక్కడ తేల్చడం నా పని కాదు. కానీ బల్బుల రోజు ఆ మూడు నిమిషాల గోల ఇంగ్లిష్‌లోనే జరగాలని పట్టుబట్టి ఉంటే గది శ్మశానంలా ఉండేది. నలభైలో తీగ సన్నం అని తెలుగులో చెప్పగలిగినవాడు పరీక్షలో తప్పడానికి, ఇంగ్లిష్‌లో రాయలేకపోవడం కూడా ఒక కారణం. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో సవర పిల్లలకి చదువు చెప్పాలనుకున్నప్పుడు ముందు తాను సవర భాష నేర్చుకున్నారు, ఆ భాషలో వాచకాలు రాశారు. అంత మనవల్ల కాదు. కనీసం చర్చ తెలుగులో, ఫార్ములా ఇంగ్లిష్‌లో అన్న ఒప్పందమైనా రాతపూర్వకంగా ఉండాలి. చిన్న ప్రశ్నలకైనా తెలుగులో జవాబు రాసే వీలు ఇవ్వండి. ఇప్పుడు మేం దొంగతనంగా తెలుగులో చెబుతున్నాం.

హాజరు గురించి ఒక మాట. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మా దగ్గర మిరపకోతలు. క్లాసులో సగం మంది ఉండరు. వాళ్లని సోమరులనుకునేవాణ్ణి. ఒకసారి ఊరు దాటి వెళుతూ కల్లంలో కాయలు ఆరబోస్తున్న నా స్టూడెంట్లని చూశాను. ముగ్గురు తలకి కండువాలు చుట్టుకుని ఉన్నారు, నన్ను చూసి ఒకమ్మాయి మొహం పక్కకి తిప్పుకుంది. ఉపన్యాసం ఒక్కసారి పోతే పోయినట్టే. అదే, పని చేస్తూ నేర్చుకునే పద్ధతి ఉంటే, పది రోజులు రాని పిల్ల పదకొండో రోజు వచ్చి ఏ మెట్టు దగ్గర ఆగిందో అక్కడి నుంచి మొదలుపెట్టొచ్చు.

ఇక మిమ్మల్ని అడగదలచుకున్నవి. ఎక్కువేం లేవు.

ప్రతి పేపర్లో కనీసం నాలుగో వంతు మార్కులకి, ఎప్పుడూ రాని ప్రశ్న ఉండాలి. చాయిస్ లేకుండా. ఫార్ములాలు ఒక కాగితం మీద అచ్చువేసి ప్రశ్నపత్రంతోపాటే ఇచ్చేయండి, అప్పుడు జ్ఞాపకశక్తికి కాదు, వాడే తెలివికి మార్కులు పడతాయి. గైడ్లవాళ్లకి స్టార్లు పెట్టుకోవడానికి ఏమీ మిగలదు. మొదటి రెండేళ్లు ఫలితాలు పడిపోతాయి. పత్రికల్లో వస్తుంది, ప్రిన్సిపాళ్లకి మెమోలొస్తాయి. అందుకే నాలుగో వంతుతో మొదలుపెట్టమంటున్నాను, సగంతో కాదు.

ఐదు యూనిట్లలో ఒకటి తీసేయండి. ఏది తీసినా ఎవరో ఒకరు బాధపడతారు. థర్మోడైనమిక్స్‌లో నాకిష్టమైన యూనిట్ తీసినా నేను నోరెత్తనని మాటిస్తున్నాను. తొంభై పనిదినాల సెమిస్టర్ అని కాగితం మీద ఉంటుంది. అడ్మిషన్లు, పరీక్షలు, సెలవులు, సర్వేలు, ఎన్నికల డ్యూటీలు పోగా మాకు చేతికొచ్చేది ఎంతో మీకు తెలుసు. ఐదు యూనిట్లు పరిగెత్తించాలంటే డిక్టేషన్ తప్ప ఇంకో దారి లేదు.

ప్రాక్టికల్స్‌లో జవాబు సరిగ్గా వచ్చిందా అని కాక, రీడింగు ఎలా తీశావు, 940 ఎందుకు వచ్చిందనుకుంటున్నావు అని అడిగేలా మార్కుల పద్ధతి మార్చండి. తప్పు ఎక్కడ జరిగిందో చెప్పగలిగినవాడికి ఫుల్ మార్కులివ్వండి. ఎక్స్‌టర్నల్‌గా నేను ముందు అలా వేస్తాను.

అసలు ఇబ్బంది ఇంటర్నల్ మార్కులతో. పాతిక మార్కులు మా చేతిలో ఉన్నాయి, వాటితో ప్రాజెక్టులు, చర్చలు ఏమైనా చేయించుకోవచ్చు, ఎవరు ఆపారు అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఆ పాతికని మేమే పాడుచేసుకున్నాం. క్లాసులో అందరికీ 22కి పైనే పడతాయి, రానివాడికి కూడా. ఒకరికి తగ్గిస్తే ఒకరు వచ్చి అడుగుతారు, పక్క కాలేజీలో 24 వేస్తున్నప్పుడు మన పిల్లలకి మనమే అన్యాయం చేయాలా అని ప్రిన్సిపాల్‌గారు అంటారు. అందుకని ఆ పాతికకి పెట్టిన పనులన్నీ, పిల్లల రాతలతో సహా, వేరే కాలేజీ అధ్యాపకుడు చీటీ తీసి పది మందివి చూసే ఏర్పాటు చేయండి. నావి ముందు చూడండి. సిగ్గుపడాల్సి వస్తే పడతాను.

శిక్షణ తరగతుల గురించి అడగడం లేదు. కావలసినన్ని అయ్యాయి. వాటికయ్యే ఖర్చులో కొంత మాకు వారానికి రెండు పీరియడ్ల ఖాళీగా ఇస్తే, ఒకరి క్లాసులో ఒకరం కూర్చుంటాం. కామర్స్ మేడమ్ ఆ రోజు తొంగిచూసి వెళ్లిపోకుండా లోపలికి వచ్చి కూర్చుని ఉంటే నాకు ఎంత బాగుండేదో. (తర్వాత ఆవిడే చెప్పారు, తను పిల్లల చేత వాళ్లమ్మల పొదుపు సంఘం పుస్తకాలు తెప్పించి వడ్డీ లెక్కలు కట్టిస్తున్నానని. గోడకి అటూ ఇటూ ఏడేళ్లుగా ఉన్నాం. ఒకరి సంగతి ఒకరికి తెలియదు.)

ఖాళీ మాటలు చెప్పాడనకుండా ఒక ప్రశ్న రాసి పంపుతున్నాను. మూడు ఫేజుల మోటార్లు సిలబస్‌లో వరస పెట్టి లేవు. ఏసీ, ఎదురు ఈఎంఎఫ్, కరెంటు పుట్టించే వేడి ఉన్నాయి. అవి చాలు.

"ఒక రైతు బోరుకి 5 హెచ్‌పీ మూడు ఫేజుల మోటారు ఉంది. తెల్లవారుజామున స్టార్టర్ నొక్కితే మోటారు తిరగలేదు, గుయ్‌మని మోగింది. రైతు వెంటనే ఆపేశాడు. పక్క పొలం ఆయన, 'మళ్లీ నొక్కి కాసేపు అలాగే ఉంచు, అదే అందుకుంటుంది' అన్నాడు. (అ) ఏం జరిగి ఉండొచ్చు? అది నిజమో కాదో తేల్చడానికి దేని దగ్గర ఏం కొలుస్తావు? (ఆ) తిరిగే మోటారుకీ తిరగని మోటారుకీ చుట్టల్లో కరెంటు ఎందుకు తేడా ఉంటుంది? (ఇ) పక్క పొలం ఆయన మాట వింటే ఏమవుతుంది? కారణం రాయి. 10 మార్కులు."

దీనికి కీ కూడా ఉంది. మోటారు వైండింగ్ షాపులో స్టూలు మీద కూర్చుని నేనూ, సప్లిమెంటరీ పాసైన మా కుర్రాడూ కలిసి రాశాం. (అ)లో నేను రాసిన దాన్ని వాడు ఒకచోట కొట్టేసి దిద్దాడు. కావాలంటే ఆ కాగితం ఉన్నదున్నట్టుగా పంపుతాను.

ఇట్లు,
ఒక ఫిజిక్స్ లెక్చరర్,
పల్నాడు జిల్లా